బేచిరాకు

అడంగల్లో ఆ ఊరు ఇంకా ఉంది.
కొర్రకుంటపల్లె, బంగారుపాళెం దోవ.
ఫసలీ 1398 నుంచి పేరు పక్కన ఒకటే మాట:
బేచిరాకు.
నవాబుల నాటి గుమాస్తా ఎవరో వదిలిపోయిన మాట,
దీపం లేని ఊరు అని.

రీసర్వేకి నన్ను పంపినారు.
భుజాన రోవరు, చేతిలో ట్యాబు,
ముందర కట్టె పట్టుకొని తలారి మునెప్ప.

"ఇది అలిగినకయ్య సార్."
నాకు కనపడేది సీమజాలి కంప. సర్వే నంబరు 42/2.
కుప్పమ్మ వంతు నీళ్ళు ఎవరో మళ్ళించుకుంటే
మడవకు అడ్డంగా కూర్చున్నదంట మూడు దినాలు,
సంగటి కూడా ఆడికే తెప్పించుకొని.
అది బాకీచేను. అది నక్క ఈనిన దిన్నె.
అది చెంగల్రాయుడు చెనక్కాయ వేసి అప్పు తీర్చి
మళ్ళా చెనక్కాయ వేసి మళ్ళా అప్పు చేసిన పొడుగుచేను.
మునెప్ప కట్టె ఎత్తిన చోటల్లా
నా తెర మీద చుక్క పడతా ఉంది,
పేరు పడలేదు.

బావి కాడ నిలబడినాము.
తాడు ఒరిసి ఒరిసి గట్టురాయికి పడిన గాడి
నా బొటనవేలంత లోతు.
పదారు వంతులు ఈ నీళ్ళకి.
అడుగున చిల్లుండే గిన్నె తొట్టిలో మునిగితే
ఒకరి వంతు అయిపోయినట్టు.
ఎద్దులు ముందుకు దిగి, వెనక్కి ఎక్కేవి.
మూడో జాములో చెంగల్రాయుడు బానలు లెక్కపెడతా
"నూటికి ఒకటి తక్కువా" అని రాగం తీస్తే
నిద్రలో ఉండే ఊరు
తొంభైతొమ్మిది అనుకొని పక్కకు తిరిగి పండుకునేది.

తర్వాత ఆయిలింజను. ఊరంతా పోయి చూసి మెచ్చుకున్నారు.
తర్వాత బోరు.
రెండు నూర్ల అడుగులు, నాలుగు నూర్లు,
తొమ్మిది నూర్ల కాడ తెల్లదుమ్ము.
అరచేతిలో టెంకాయ నిలబెట్టి నీళ్ళు చెప్పే పెద్దాయన
చెప్పిన చోటల్లా దుమ్మే.
ఒకరు తిరుపతి హోటల్లో పిండి రుబ్బను,
ఒకరు గ్రానైటు క్వారీకి,
కుప్పమ్మ కొడుకులు రేణిగుంటలో లారీ టైర్లకు గాలి పట్టను,
ఎద్దులు సంతకి.
ఊరిడిసి పోతాండామని ఎవరూ చెప్పలేదంట.
అందరూ ఒక్క పంటకాలానికే పోయినారు.

"కపిల తొండం కుట్టేది ఎవరు?"
"మా నాయన."
"ఆయన వంతు ఎంత?"
మునెప్ప బావిలోకి తొంగి చూసినాడు.
"పదారని చెప్తిని కదా సార్."

ఏడాదికి రెండు గంపల చెనక్కాయ, ఒక పాత పంచ.
తొండం చినిగితే మాత్రం
అర్ధరాత్రి లాంతరు పట్టుకొని వాకిట్లోకి వచ్చేవాళ్ళు.
వాకిట్లోకి అంటే
వాకిలికి ఇంత దూరంలోకి.

సర్కారోళ్ళు వచ్చి దీపాలు లెక్కపెడితే
ఊళ్ళో ఒక్కటీ లేదు. రాసుకొని పోయినారు.
"మా యమ్మ పెడతానే ఉణ్ణింది సార్, దేశమ్మ.
ఆ తర్వాత పదకొండేండ్లు.
ఆముదం లేకుంటే కానుగనూనె.
మా ఇల్లు గ్రామకంఠంలో లేదు గదా,
గట్టుకు ఈ పక్క."

చూపించినాడు. మొండిగోడ.
గోడలో గూడు, గూట్లో మసి.
తుడిస్తే వేలికి అంటింది.

రోవరు నిలబెట్టినాను.
పట్టపగలు పద్నాలుగు ఉపగ్రహాలు దొరికినాయి.
వివరాల గడిలో కొట్టినాను:
దీపగూడు, ఒకటి. ఊరి హద్దుకు నూటిరవై అడుగులు తూర్పున.
చక్రం తిరిగింది, తిరిగింది.
హద్దు బయటి బిందువు. స్వీకరించబడదు.

"ఎక్కిందా సార్?" అన్నాడు మునెప్ప
టవలుతో గూట్లో సాలీడు బూజు దులుపుతా.

ఎక్కుతా ఉండాది, అన్నాను.
సిగ్నలు తక్కువ ఈడ.